పాత కంప్యూటర్‌లో ర్యామ్ చాలడం లేదా? డబ్బు తీసే ముందు ఇవి చేసి చూడండి

విశాఖపట్నం పెదవాల్తేరులోని మా ఇంటి డెస్క్‌టాప్‌లో ఉన్నది 4 జీబీల ర్యామ్ (కంప్యూటర్ పని చేస్తున్నంతసేపు వాడుకునే తాత్కాలిక మెమొరీ). పొద్దున స్విచ్ వేసి, కాఫీ తాగి, పేపరు తిరగేసి వచ్చినా మౌస్ మాట వినేది కాదు. "దీన్ని తీసేసి కొత్తది కొనుక్కోండి" అన్నాడు చూసిన మెకానిక్. కొనలేదు.

ముందు జబ్బు ఎక్కడుందో చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ పేజీలో మెమొరీ మీద నొక్కండి. అక్కడే నేను తెల్లబోయాను. ఉండవలసింది 4 జీబీలు, చూపిస్తున్నది 2! రెండు ర్యామ్ ముక్కల్లో ఒకటి కంప్యూటర్‌కు కనిపించడమే లేదు.

సముద్రపు గాలికి కిటికీ గ్రిల్లులే తుప్పు పడతాయి, ర్యామ్ ఒక లెక్కా? కరెంటు ప్లగ్గు పూర్తిగా తీసి, క్యాబినెట్‌లోని ఇనుప భాగాన్ని ఒకసారి తాకి (ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి), రెండు పక్కల క్లిప్పులు వంచి ర్యామ్ తీయండి. అంచున ఉన్న బంగారు రంగు గీతలను మెత్తటి తెల్ల రబ్బరుతో తేలిగ్గా రుద్ది, పొట్టు దులిపి, క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి మళ్లీ బిగించండి. నాకు పోయిన 2 జీబీలు పైసా ఖర్చు లేకుండా తిరిగి వచ్చాయి.

ర్యామ్ వంటగట్టు అనుకుంటే, డిస్కు అటక. గట్టు నిండితే విండోస్ కొన్ని డబ్బాలను అటక మీదికి ఎక్కిస్తుంది, కావలసినప్పుడల్లా స్టూలు వేసుకుని దించుతుంది. టాస్క్ మేనేజర్‌లో మెమొరీ నిండుగా, డిస్క్ 100 శాతం దగ్గర ఉన్నాయంటే ఈ ఎక్కించడం, దించడమే జరుగుతోందని అనుమానించాలి.

కాబట్టి గట్టు ఖాళీ చేద్దాం. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ పేజీకి వెళ్లి, కంప్యూటర్‌తో పాటే లేచి కూర్చునే ప్రోగ్రాముల్లో అక్కర్లేనివి డిజేబుల్ చేయండి. యాంటీవైరస్ జోలికి పోవద్దు. బ్రౌజర్‌లో ట్యాబ్‌లు, ఎక్స్‌టెన్షన్లు తగ్గించండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో మెమొరీ సేవర్ ఆన్ చేస్తే వాడని ట్యాబ్‌లు ర్యామ్ వదిలేస్తాయి. ఎడ్జ్ వాడేవారు, ఆ బ్రౌజర్‌ను తెరవకముందే వెనకాల నడిపించే స్టార్టప్ బూస్ట్‌ను ఆపేయాలి. రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా అనుకోకండి: ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌తో అంతా తుడిచిపెట్టుకుపోదు, అప్పుడప్పుడు రీస్టార్ట్ చేయాలి.

ఒక్క క్లిక్‌తో ర్యామ్ ఖాళీ చేస్తామనే ఉచిత ప్రోగ్రాములను నేను నమ్మను. అవి చేసే పని చాలావరకు గట్టు మీది డబ్బాలను అటక మీదికి తోయడమే, కాసేపటికి అవే డబ్బాలు దిగివస్తాయి. ఎవరో చెప్పారని పేజీ ఫైల్ (అదే, డిస్కు మీద విండోస్ వాడుకునే ఆ అటక) తీసేయడం కూడా ప్రమాదమే. ర్యామ్ నిండితే ప్రోగ్రాములు మూసుకుపోవచ్చు.

ఖర్చు పెట్టదలిస్తే మొదట ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా ఎంతో వేగంగా పనిచేసే డిస్క్) కొనమంటాను. అటక భుజం ఎత్తుకు దిగివచ్చినట్టు ఉంటుంది. సాటా కేబుల్ (డిస్కును మదర్‌బోర్డుకు కలిపే తీగ) ఉన్న ఏ డెస్క్‌టాప్‌కైనా సాటా రకం ఎస్ఎస్‌డీ దాదాపుగా సరిపోతుంది. పాత హార్డ్ డిస్క్‌ను ఫొటోలకు ఉంచుకోవచ్చు. తర్వాతే ర్యామ్. ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4 అని తరాలుంటాయి. డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 పట్టదు, గాడి వేరేచోట ఉంటుంది. ర్యామ్ కొనడానికి మా ఊళ్లో అయితే డాబాగార్డెన్స్‌కో ద్వారకానగర్‌కో వెళ్లేటప్పుడు పాత ముక్కను జేబులో వేసుకుని వెళ్లండి. మీ విండోస్ 32 బిట్‌ది అయితే 4 జీబీలకు మించి ర్యామ్ వేసినా వాడుకోలేదు.

ఇక విండోస్ 10 సంగతి. దాని సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కనీసం 4 జీబీల ర్యామ్‌తో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను అడుగుతుంది, చాలా పాత యంత్రాల్లో అది ఉండదు. ఇలాంటి వాటికి విండోస్ బదులు వాడుకోదగ్గ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లైన లైనక్స్ మింట్‌లోని ఎక్స్ఎఫ్‌సీఈ రకం గానీ, లుబుంటు గానీ నయం. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, డిస్కును ముట్టుకోకుండా అక్కడినుంచే నడిపి చూడవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది కాబట్టి వేగం తక్కువే ఉంటుంది, దాన్ని బట్టి తీర్పు చెప్పకండి. వైఫై, శబ్దం, ప్రింటర్, తెలుగు టైపింగ్ సరిగ్గా ఉన్నాయా అన్నది చూసుకుని, ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కండి.