లోక్‌సభ పోలింగ్ రోజు బూత్ ఏజెంటు చూసుకోవాల్సినవి

ముందు ఏ సీటుకు కూర్చుంటున్నారో తేల్చుకోండి. ఎచ్చెర్ల శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నా లోక్‌సభకు విజయనగరం కిందికొస్తుంది. పాలకొండ అరకు కింద. 2024 మే 13న జరిగినట్టు అసెంబ్లీ, లోక్‌సభ కలిసొస్తే ఈ తికమక ఇంకా ఎక్కువ. మిమ్మల్ని ఏజెంటుగా నియమించే ఫారం 10 మీద అభ్యర్థి గానీ ఆయన ఎలక్షన్ ఏజెంటు గానీ సంతకం పెట్టాలి. మండల నాయకుడి సంతకం చెల్లదు.

పోలింగ్ 7 గంటలకైతే మాక్ పోల్, అంటే యంత్రం సరిగా ఉందో చూసే ఉత్తుత్తి ఓటింగ్, 5:30కే. ఏజెంట్లు రాకపోతే ఓ 15 నిమిషాలు చూసి మొదలుపెట్టేస్తారు. ఫోను ఇంట్లో వదిలేయండి. పెన్ను, తెల్లకాగితాలు, మే ఉక్కకి ఓ సీసా చోడి అంబలి ఉంటే చాలు.

పార్టీలు, స్వతంత్రులు ఎక్కువైనప్పుడు అసలు పని మాక్ పోల్‌లోనే ఉంటుంది. ఓటరు బటన్ నొక్కే బ్యాలెట్ యూనిట్ ఒక్కోదాంట్లో పట్టేవి 16 బటన్లు, నోటాతో కలిపి. 20 మంది పోటీలో ఉంటే 21 బటన్లు, అంటే రెండు యూనిట్లు. ఎడమవైపు మొదటిది, పక్కన రెండోది ఉన్నాయో లేదో చూడండి. లోక్‌సభ బ్యాలెట్ తెలుపు, అసెంబ్లీది గులాబీ. కనీసం 50 ఓట్లు వేయాలి, అవీ నోటాతో సహా ప్రతి బటన్‌కీ పడాలి. 21 బటన్లకు రెండేసి వేస్తే 42, మిగతా 8 ఎవరికి పడ్డాయో రాసుకోండి. సొంత గుర్తు ఒక్కటే నొక్కి చూసి సంతకం పెట్టేసే ఏజెంటు ఉన్నా లేనట్టే.

ఫలితం, వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపే యంత్రం) చీటీలు సరిపోయాక, ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్ మీద క్లియర్ నొక్కించి, మొత్తం సున్నా చూపిందాకా కదలకండి. చీటీలు బయటికి తీసి నల్ల కవరులో సీల్ వేయాలి. క్లియర్ చేయడం మరిచిపోతే మాక్ ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోయి రాత్రికి లెక్క తప్పుతుంది. వీవీప్యాట్ మీద నేరుగా లైటు పడనివ్వకండి. సెన్సార్లు దెబ్బతిని మొరాయిస్తుంది.

మధ్యలో వీవీప్యాట్ ఒక్కటే పాడైతే దాన్నే మారుస్తారు, మళ్లీ మాక్ పోల్ ఉండదు. కంట్రోల్ యూనిట్ గానీ బ్యాలెట్ యూనిట్ గానీ చెడితే మొత్తం సెట్టు మారుతుంది. అప్పుడు ఒక్కో బటన్‌కి ఒక్కో ఓటుతో మాక్ పోల్ చేసి, మళ్లీ క్లియర్ చేయాలి.

మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో వలస ఎక్కువ. హైదరాబాద్, చెన్నై పోయినవాళ్ల పేర్లు జాబితాలో అలాగే ఉంటాయి. ఊళ్లో లేనివారు, ఇల్లు మారినవారు, చనిపోయినవారి జాబితా ప్రిసైడింగ్ ఆఫీసరు దగ్గర ఉంటుంది, ఆ పేర్లు ముందే గుర్తుపెట్టుకోండి. అయితే బస్సెక్కి నిజంగా ఓటేయడానికి వచ్చినవాళ్లని ఆపకండి, వాళ్లు గుర్తింపు కార్డు చూపిస్తే ప్రిసైడింగ్ ఆఫీసరు సరిచూసి, సంతకంతో పాటు వేలిముద్రా తీసుకుని ఓటేయనిస్తారు. మనిషి వేరని గట్టిగా తెలిస్తే 2 రూపాయలు కట్టి ఛాలెంజ్ చేయొచ్చు. ఊరికే అడ్డుపడ్డారని తేలితే ఆ డబ్బు పోతుంది. తన ఓటు అప్పటికే ఎవరో వేసేశారని వచ్చినవాళ్లు సొంత గుర్తింపు నిరూపించుకుంటే యంత్రంలో కాదు, కాగితం మీద టెండర్ ఓటు వేయిస్తారు.

సాయంత్రం టైమైపోయేసరికి వరుసలో ఉన్నవాళ్లందరికీ చీటీలివ్వాలి, చివరి మనిషి నుంచి ముందుకి. ముందు నుంచి పంచుతూ పోతే వెనక కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు.

పోలింగ్ అయి కంట్రోల్ యూనిట్ మీద క్లోజ్ నొక్కాక, పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సి కాపీ తీసుకోకుండా బయటికి రాకండి. రెండు ఎన్నికలుంటే రెండు కాపీలు. యంత్రాల నంబర్లు, సీళ్ల నంబర్లు, ఓటర్లు సంతకం పెట్టే 17ఏ రిజిస్టరు మొత్తం, కంట్రోల్ యూనిట్ మొత్తం స్వయంగా సరిచూడండి. సంతకం పెట్టి ఓటేయకుండా వెళ్లిపోయినవాళ్లు ఉంటే తేడా వస్తుంది, అదీ, టెస్ట్ ఓట్లు (చీటీ తప్పు చూపిందని ఓటరు ఫిర్యాదు చేస్తే వేయించి చూసేవి) ఉంటే అవీ 17సిలో రాసి ఉండాలి. కాపీని ఆ రాత్రే కౌంటింగ్ ఏజెంటుకు చేర్చండి. లెక్కింపు టేబుల్ దగ్గర మీ బూత్ యంత్రాన్ని ఆయన దాంతోనే సరిచూసుకోవాలి.