శీలావతి తల్లిచేపల్లో అంతఃప్రజననాన్ని అరికట్టడం ఎలా?

శీలావతి ఆడచేప శరీర బరువులో కిలోకు సుమారు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. నాలుగైదు జతలతోనే కావలసినంత స్పాన్ (గుడ్ల నుంచి అప్పుడే వచ్చిన పిల్లలు) చేతికొస్తుంది కనుక, హేచరీల్లో వాటి పిల్లల నుంచే మళ్ళీ తల్లిచేపలను, అంటే గుడ్లు పెట్టించడానికి ఉంచే ఆడ, మగ చేపలను ఏరుకుంటారు. ఇలా కొన్ని తరాలు గడిస్తే చెరువంతా అన్నాచెల్లెళ్ళ వరసే మిగులుతుంది. ఇలా దగ్గరి రక్తసంబంధం ఉన్న చేపలు జతకట్టడమే అంతఃప్రజననం. ఎదుగుదల మందగిస్తుంది, వంకర వెన్నుల పిల్లలు కనిపిస్తాయి.

మొదట పునాది మందను వేర్వేరు చోట్ల నుంచి తెచ్చుకోవాలి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పెంపక పరిశోధన సంస్థ సీఫా 1992లో నార్వే శాస్త్రవేత్తల సహకారంతో ప్రారంభించి 'జయంతి' శీలావతిని రూపొందించిన కార్యక్రమంలో గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల చేపలను వాడింది.

తరువాత లెక్క చూడాలి. మగ, ఆడ చేపల సంఖ్యలను గుణించి, దాన్ని నాలుగు రెట్లు చేసి, మొత్తం చేపల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే మంద అసలు బలం, అంటే సంతానం విషయంలో నిజంగా లెక్కకొచ్చే చేపల సంఖ్య. 25 మగ, 25 ఆడ చేపలుంటే అది 50. అంతఃప్రజననం తరానికి 1 శాతం పెరుగుతుంది. అవే 50 చేపల్లో మగవి 5 మాత్రమే అయితే బలం 18కి పడిపోయి, పెరుగుదల 2.8 శాతానికి చేరుతుంది. మగచేపల మేతలో చేసే పొదుపు చివరికి ఇంత ఖరీదవుతుంది.

ప్రతి తల్లిచేపకూ పిట్ ట్యాగ్ (ఒంట్లోకి ఎక్కించే, సంఖ్య ఉన్న చిన్న ఎలక్ట్రానిక్ చిప్) ఎక్కించి, దాని సంఖ్య, తల్లి, తండ్రి, పుట్టిన తేదీ రిజిస్టరులో రాయాలి. సీజనులో మగచేప ముందు ఈతరెక్క లోపలివైపు బొటనవేలితో రాస్తే గరుకుగా తగులుతుంది, ఆడచేపది నున్నగా ఉంటుంది. పొట్ట మెల్లగా నొక్కితే మగచేప నుంచి పాల వంటి ద్రవం వస్తుంది.

అమ్మకపు సీడ్‌కు (చేపపిల్లలకు) వృత్తాకార తొట్టెలో సామూహికంగా గుడ్లు పెట్టించినా ఫరవాలేదు. తల్లిచేపల తరానికి మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే ఏ పిల్లకు ఏది తండ్రో తేలదు. తల్లిదండ్రులు, తాతముత్తాతలు కలవని జతను రిజిస్టరు చూసి ఎంచి, ఆ ఆడచేప గుడ్లను విడి పళ్ళెంలోకి పిండి, ఒకే మగచేప వీర్యంతో కలపాలి. ట్యాగు పట్టేంత పెరిగేవరకు ఏ కుటుంబాన్ని ఆ కుటుంబంగానే పెంచాలి.

ఎంపికలో పెద్దవాటి మీదికే చేయి పోతుంది. అవన్నీ ఒకే జత పిల్లలు కావచ్చు. కనుక ప్రతి కుటుంబం నుంచీ సమాన సంఖ్యలో, కుటుంబం లోపల మాత్రం మేలైనవాటిని ఉంచుకోవాలి. అప్పుడప్పుడు బయటి మగచేపలను కలుపుకోవడం మంచిదే గాని, అమ్మే హేచరీ తన మందను ఎక్కడి నుంచి తెచ్చుకుందో ముందే అడగాలి. అది ఒకప్పుడు మన దగ్గర కొన్న సీడే అయితే మారింది చెరువు మాత్రమే.