పాతకారు టోచన్, 3వ పాఠం: ఏ-బారు బిగింపు, గేరుబాక్సు జాగ్రత్త

టోచన్ అంటే నడవని కారును ఇంకో బండికి కట్టి లాక్కెళ్లడం. ఏ-బారు అనే ఇనుప చట్రంతో అలా ఎలా కట్టాలో ఈ పాఠంలో చూద్దాం. మొదటి రెండు పాఠాల్లో కారు అసలు దొర్లగలదో లేదో తేల్చుకున్నాం. జాకీ మీద ఎత్తి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పాం, పట్టేసిన బ్రేకు డ్రమ్ములు విడిపించాం, టైరు పక్కన ఉన్న తేదీ అంకెలు చదివాం. ఆ పరీక్షల్లో ఆగిపోయిన కారుకు ఈ పాఠంతో పనిలేదు. దాన్ని ఫ్లాట్‌బెడ్ బండి మీద ఎక్కించాల్సిందే.

ఈసారి ఉదాహరణగా ఒక ప్రయాణం పెట్టుకుందాం. సికింద్రాబాద్ వెస్ట్ మారేడుపల్లిలో ఒక ఇంటి షెడ్డులో ఉన్న అంబాసిడర్‌ను బాలానగర్‌లో లేత్ పని, ఇంజను పని చేసే షెడ్డుకు చేర్చాలి. ప్యారడైజ్, తాడ్‌బండ్, బోయిన్‌పల్లి, ఫిరోజ్‌గూడ మీదుగా సుమారు పది కిలోమీటర్లు. లాగేది బొలేరో. పద్మిని, హెరాల్డ్, జీపు ఉన్నవాళ్లకు తేడా ఉన్నచోట చెబుతాం.

బారు మీద పడే బలం ఎంత?

అంబాసిడర్ బరువు 1150 కిలోలు అనుకోండి. చదును తారురోడ్డు మీద దాన్ని దొర్లించడానికి బరువులో ఒకటిన్నర శాతం చాలు. అంటే 17 కిలోల లాగుడు. పది మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తు ఎక్కాలంటే ఇంకో 115 కిలోలు కలపండి. ఇవి చూసి నైలాన్ తాడైనా చాలనిపిస్తుంది. కానీ బొలేరో డ్రైవరు గట్టిగా బ్రేకు కొట్టాడనుకోండి, వెనక కారులో ఉన్నవాళ్లు బ్రేకు తొక్కడం ఆలస్యమైందనుకోండి. కారు తన బరువులో సగం బలంతో, అంటే 575 కిలోలతో, ముందుకు తోస్తుంది. తాడైతే వదులై కారు వెళ్లి బొలేరో వెనక తలుపును గుద్దుతుంది. బారైతే ఆ తోపును కాచుకుంటుంది. లాగడానికి తాడున్నా చాలు, మనం బారు కట్టేది ఈ ఆపడం కోసమే.

ఇంగ్లిషు ‘ఏ’ అక్షరంలా ఉండే బారుకు రెండు కాళ్లు కారుకు, శిఖరం లాగే బండికి. కాళ్ల మధ్య 600 మి.మీ., శిఖరం దాకా 1000 మి.మీ. ఉందనుకుంటే, సూటిగా ఆగేటప్పుడు ఆ 575 కిలోలు కాలికి 300 చొప్పున పంచుకుంటాయి. మలుపులో ఇలా పంచుకోవు. శిఖరాన్ని పక్కకు లాగే ప్రతి 100 కిలోలకూ ఒక కాలు 174 కిలోలు తోస్తుంది, రెండోది 174 కిలోలు లాగుతుంది. అదే కాళ్లను 800 మి.మీ. ఎడంగా బిగిస్తే ఆ 174 కాస్తా 135కు దిగుతుంది. అందుకని మీ కారు ముందుభాగం ఎంత వెడల్పుకు వీలిస్తే అంత వెడల్పుగా కాళ్లు పెట్టండి.

బారు కాలిని కారుకు బిగించిన బ్రాకెట్టుతో కలిపే 16 మి.మీ. మందం, 8.8 గ్రేడు (ఉక్కు బలాన్ని చెప్పే అంకె) పిన్ను తెగాలంటే టన్నులకొద్దీ బలం కావాలి. టోచన్‌లో పిన్ను తెగడం అరుదు. పిన్నును పట్టుకున్న రేకు చిరుగుతుంది.

కాళ్లు ఎక్కడ బిగించాలి

అంబాసిడర్‌కూ పద్మినికీ విడిగా ఛాసిస్ లేదు. బాడీ అడుగున రేకుతో పెట్టెలా మడిచి అతికిన సైడ్ మెంబర్లు రెండు ముందుదాకా వస్తాయి. బారు కాళ్లు వాటికే బిగించాలి. బంపరుకు వద్దు, బంపరు పట్టీలకు వద్దు. కింది ఆర్ములకు, టై రాడ్లకు, స్టీరింగ్ ర్యాకుకు గొలుసు చుట్టడం మరీ ప్రమాదం. మొదటి కుదుపుకే చక్రాల అలైన్‌మెంటు పోతుంది, రెండోదానికి స్టీరింగే పోవచ్చు.

జీపు అయితే ఈ తలనొప్పి లేదు. ముందు బంపరు నేరుగా ఛాసిస్ పట్టాలకు బోల్టులతో ఉంటుంది, ఆ బోల్టుల చోటే బ్రాకెట్టు పెట్టుకోవచ్చు. హెరాల్డ్‌కు ఛాసిస్ విడిగా ఉంది, దాని ముందు కొనలు చూసుకోండి. బీటిల్‌కు ముందు ఇరుసులో అడ్డంగా ఉండే గొట్టాలకు బారు క్లాంపు చేస్తారు.

బ్రాకెట్టు పెట్టే ముందు సైడ్ మెంబరును చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టండి. గట్టి రేకు గణగణమంటుంది, తుప్పు తిన్న చోట మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడవండి. దిగిపోతే అక్కడ బిగించడానికి లేదు. పైన కొట్టిన నల్ల అండర్‌కోటింగు కింద గుల్లైన రేకు చాలా కార్లలో దాగుంటుంది, అందుకే గీకి చూడమని చెబుతున్నాం.

బ్రాకెట్టు ఇలా ఉండాలి: బయట 10 మి.మీ. ఇనుప ప్లేటు, లోపలివైపు 6 మి.మీ. ప్లేటు, మధ్యలో సైడ్ మెంబరు రేకు. ఒక్కో వైపు రెండేసి 12 మి.మీ. బోల్టులు, 8.8 గ్రేడు, అదురుకు వదులు కాని నైలాక్ నట్లతో. ఇక్కడ చాలామంది మరిచిపోయేది లోపలి గొట్టం ముక్క. సైడ్ మెంబరు గుల్ల కాబట్టి బోల్టు బిగిస్తున్నకొద్దీ పెట్టె నలుగుతూ పోతుంది, బిగువు మాత్రం ఎప్పటికీ రాదు. బోల్టు దూరేంత రంధ్రం ఉన్న మందపాటి గొట్టాన్ని పెట్టె లోపలి వెడల్పుకు సరిగ్గా కోయించి బోల్టుకు తొడగండి. అప్పుడు 80 న్యూటన్ మీటర్ల బిగువు నిజంగా నిలుస్తుంది. ప్లేట్లు, గొట్టాలు బాలానగర్‌లో ఏ లేత్ షెడ్డులోనైనా చేస్తారు, బోల్టులు రాణిగంజ్‌లో గ్రేడు అంకె తలమీద చూసి కొనండి. తలమీద అంకె లేని బోల్టు ఈ పనికి వద్దు.

వెల్డింగు చేయిస్తే ఇంకా గట్టి కదా అని అడుగుతారు. యాభై అరవై ఏళ్ల రేకు పలుచబడి ఉంటుంది. వేడికి అతుకు పక్కనే పెళుసై అక్కడే చిరుగుతుంది. పైగా కారు అసలు రూపం చెడుతుంది. బోల్టు అయితే పని అయ్యాక విప్పేయవచ్చు.

పానాల గురించి ఒక మాట. అంబాసిడర్, హెరాల్డ్ నట్లు అంగుళాల కొలతవి. పద్మిని ఫియట్ సంతతి, మిల్లీమీటర్లు. పక్క సైజు పానాతో లాగితే నట్టు మూలలు గుండ్రమైపోతాయి, కారు కింద పడుకుని వాటిని విప్పడం నరకం.

బాల్, కప్లరు, ఎత్తు

బొలేరో వెనక ఉండే ఇనుప గుండు బాల్, బారు శిఖరాన ఉండి దాని మీద కూర్చునే గిన్నెలాంటి పట్టు కప్లరు. బాల్ 50 మి.మీ. ఉందా, రెండంగుళాలు ఉందా అన్నది వెర్నియర్‌తో కొలవండి, కంటికి తేడా తెలియదు. రెండంగుళాలంటే 50.8 మి.మీ. ఆ బాల్ మీద 50 మి.మీ. కప్లరు పూర్తిగా కూర్చోదు. పైకి మూసుకున్నట్టే కనిపించి మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర లేచిపోతుంది. తాళం వేశాక కప్లరు కింద జాకీ పెట్టి ఎత్తండి. బొలేరో వెనకభాగం కూడా దాంతోపాటు లేస్తేనే అది నిజంగా పట్టినట్టు.

బారు నేలకు సమాంతరంగా ఉండాలి. రెండు చివరల ఎత్తులో తేడా 75 మి.మీ. దాటితే బాల్ కింద డ్రాప్ ప్లేటు వేసి దించండి. బాల్ ఎత్తులో, కారు కాళ్లు కిందుగా ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా కారు తోపు పైకి తిరుగుతుంది. అది బొలేరో వెనక చక్రాల మీది బరువు తీసేస్తుంది, తడిరోడ్డు మీద బొలేరోయే అడ్డం తిరుగుతుంది.

ఇక గొలుసులు. 8 మి.మీ. గ్రేడు 80 గొలుసు రెండు టన్నుల పనిభారానికి చేసినది. అలాంటివి రెండు తీసుకుని, బారు శిఖరం కింద ఒకదాన్నొకటి దాటేలా అడ్డంగా కట్టండి. కప్లరు ఊడితే బారు నేలకు గుచ్చుకోకుండా ఆ అడ్డం మీద ఆగుతుంది. మలుపుకు సరిపడా వదులు ఉండాలి, రోడ్డుకు రాసుకోకూడదు. గొలుసు కొనలు బాల్‌కు కాకుండా బొలేరో ఛాసిస్‌కే పోవాలి.

న్యూట్రల్ ఒక్కటే సరిపోదు

‘న్యూట్రల్‌లో పెట్టాం, ఇంకేం కావాలి’ అనుకోవడం వల్ల పాడైన గేరుబాక్సులు చాలా ఉన్నాయి. వెనక చక్రాలు తిరిగితే వాటి మధ్య ఉన్న డిఫరెన్షియల్ తిరుగుతుంది, దాంతో గేరుబాక్సు దాకా వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్, దాంతో గేరుబాక్సులోని మెయిన్ షాఫ్ట్. ఇంజను ఆగి ఉంది కాబట్టి ఇన్‌పుట్ షాఫ్టూ, దాని పళ్లతో నడిచే లే షాఫ్టూ కదలవు. నూనెలో మునిగి ఉండి దాన్ని పైకి చిమ్మేది ఆ లే షాఫ్టే. అది ఆగితే పైన వాన ఆగినట్టే. మెయిన్ షాఫ్ట్ మాత్రం కదలని గేర్ల మధ్య, ఎండిన బుష్షుల్లో తిరుగుతూనే ఉంటుంది. దాని ముందు కొన ఇన్‌పుట్ షాఫ్ట్ లోపల చిన్న బేరింగులో కూర్చుంటుంది. ఒకటి తిరుగుతూ ఒకటి ఆగి ఉన్న ఆ చోటే మొదట వేడెక్కి నీలం రంగుకు తిరుగుతుంది. క్లచ్ తొక్కి పట్టుకున్నా ఏమీ మారదు, లే షాఫ్ట్ అప్పుడూ ఆగే ఉంటుంది.

గేరుబాక్సులో నూనె నిండుగా ఉంటే రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా పోవచ్చు. మన పది కిలోమీటర్లకు మాత్రం ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పండి. అరగంట పని.

ముందు చక్రాలకు రెండువైపులా చెక్క దిమ్మెలు పెట్టండి. డిఫరెన్షియల్ దగ్గర రెండు ఫ్లాంజిలు (బిళ్లల్లాంటి అంచులు) నాలుగు బోల్టులతో కలుస్తాయి. విప్పకముందే రెండింటి మీదా ఒకే గీత పెయింటుతో గీయండి. తిరిగి అదే గీతకు కలపకపోతే తర్వాత కారు నడిచేటప్పుడు అదురు పుడుతుంది. ఫ్లాంజి విడిపోగానే షాఫ్ట్ కొన కీలులో ఉండే క్రాస్ గిన్నెలు వదులుగా ఉంటే వాటిచుట్టూ టేపు చుట్టండి. ఒక గిన్నె జారితే లోపలి సూదుల్లాంటి రోలర్లు మట్టిలో రాలతాయి.

తర్వాత షాఫ్ట్ ముందు కొన చూడండి. అక్కడ కూడా ఫ్లాంజి ఉంటే మొత్తం తీసి డిక్కీలో పెట్టుకోండి. గేరుబాక్సు తోకలోకి జారే రకమైతే, తీస్తే నూనె కారుతుంది. అప్పుడు ముందు కొనను లోపలే ఉంచి, వెనక కొనను 3 మి.మీ. జీఐ (జింకు పూత) తీగతో రెండుచోట్ల బాడీకి పైకి కట్టండి. వెనక్కి జారి ఊడకుండా తీగ ముందువైపుకు లాగి ఉండాలి, సైలెన్సరు పైపుకు తగలకూడదు. ఈ తీగ ఒక్కటి తెగితే షాఫ్ట్ కొన రోడ్డు మీద పడి ఈడ్చుకుపోతుంది, గేరుబాక్సు నుంచి ఊడి కూడా రావచ్చు. కాబట్టి తీగను రెండు వరసలుగా చుట్టండి.

షాఫ్ట్ తీశాక కారును గేరులో పెట్టి నిలపలేరన్న సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి. అంబాసిడర్ హ్యాండ్‌బ్రేకు వెనక డ్రమ్ముల మీద పనిచేస్తుంది, కాబట్టి అది ఉంటుంది. పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) వెనక ఉంటుంది. షాఫ్ట్ విప్పితే జీపుకు హ్యాండ్‌బ్రేకే లేదు! జీపుకు షాఫ్టులు కదపకుండా ట్రాన్స్‌ఫర్ లీవరును న్యూట్రల్‌లో పెట్టడమే సరైన దారి.

దీపాలు, బోర్డు

కారు వైరింగును బొలేరో వైరింగుకు కలపవద్దు. పాత కార్లలో కొన్నింటికి బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి ఉంటుంది. ఇనుప బారు రెండు బాడీలనూ ఇప్పటికే కలిపేసింది, ఇక దీపాల తీగ కూడా కలిస్తే రెండు బ్యాటరీలు ఒకదానికొకటి ఎదురై వైర్లు కాలతాయి. కారు బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. బ్రేకు లైట్లు, ఇండికేటర్లు ఉన్న విడి పలకను డిక్కీ మీద కట్టి, దాని తీగను కారు పైనుంచి బొలేరో సాకెట్‌కు తీసుకురండి.

1989 నాటి రోడ్డు నియమాలు కొన్ని కొలతలు చెప్పాయి. లాగబడే కారు సీట్లో లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి, రెండు బండ్ల మధ్య 5 మీటర్లు మించకూడదు, కారు వెనక తెల్లని పలక మీద 75 మి.మీ.కు తగ్గని నల్ల అక్షరాలతో ‘ఆన్ టో’ అని ఉండాలి, వేగం గంటకు 24 కి.మీ. దాటకూడదు. 2017లో కొత్త డ్రైవింగు నియమావళి వచ్చినా ఈ కొలతలు ఇప్పటికీ పాటించదగ్గవే. ఈ వేగంతో ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగు రోడ్డు) ఎక్కే ఆలోచన మానుకోండి. ఫ్లైఓవర్లు కూడా వద్దు, ఏదైనా విప్పాల్సి వస్తే పక్కకు ఆగే చోటుండదు. తెల్లవారుజామున బయల్దేరి బోయిన్‌పల్లి మార్కెట్ లారీల రద్దీ చూసుకుని సాగండి.

కదిలాక

కారులో కూర్చునేవారు స్టీరింగును బిగించి పట్టుకోకూడదు. ఏ-బారు లాగుతుంటే ముందు చక్రాలు వాటంతట అవే దారి వెతుక్కుంటాయి. మీరు అడ్డుపడితే కాళ్ల మీద పక్కబలం పెరుగుతుంది. అరచేతులు వదులుగా ఆనించి, బొటనవేళ్లు చువ్వల బయట ఉంచండి. గుంతలో చక్రం పడితే స్టీరింగు ఒక్కసారి తిరిగి వేలు విరిచేస్తుంది. స్టీరింగు తాళం ఉన్న కారైతే తాళంచెవి తిప్పి ఉంచండి, జేబులో కాదు.

సర్వో (ఇంజను సాయంతో బ్రేకు బలం పెంచే పరికరం) లేని పాత బ్రేకులు ఇక్కడ మేలు చేస్తాయి, ఇంజను ఆగి ఉన్నా పెడల్ మామూలుగానే పనిచేస్తుంది. బొలేరో ఎర్రలైటు వెలగగానే సగం బలంతో తొక్కండి, లైటు ఆరగానే వదలండి.

వెనక్కి ఒక్క అడుగు కూడా వద్దు. శిఖరం నుంచి తోస్తే కారు చక్రాలు ఒక పక్కకు పూర్తిగా తిరిగిపోయి బారు కాలు వంగుతుంది. దారి తప్పితే కప్లరు విప్పి, కారును చేత్తో నెట్టండి. ఎంత కోణం తిరిగితే బారు కాలు బొలేరో బంపరుకు తగులుతుందో ఖాళీ మైదానంలో ముందే నెమ్మదిగా తిప్పి చూసుకుని, ఆ చోట బంపరు మీద టేపు అంటించండి.

మొదటి అర కిలోమీటరుకు ఆగండి. బోల్టులు, పిన్నుల స్ప్లిట్ పిన్నులు, గొలుసు, షాఫ్ట్ తీగ చూసి, ఒక్కో చక్రం హబ్బు దగ్గర చేతి వెనకభాగం ఆనించండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. ఒక్కటి మాత్రమే చేయి పెట్టలేనంత కాలుతుంటే ఆ డ్రమ్ములో బ్రేకు షూ వదలడం లేదు, లేదా బేరింగు బిగుసుకుంది. జాకీ ఎత్తి చక్రం తిప్పండి. గరగరమంటే బేరింగు, ఒకే బిగువుగా ఆగితే షూ. షూ అయితే అడ్జస్టరు రెండు నొక్కులు వదులు చేసి ముందుకు పోవచ్చు. బేరింగు అయితే టోచన్ అక్కడితో ఆపి ఫ్లాట్‌బెడ్‌కు ఫోను చేయండి. ఈ తనిఖీ తాడ్‌బండ్ దాటాక మరోసారి, ఫిరోజ్‌గూడలో ఇంకోసారి.

నాలుగో పాఠంలో బాలానగర్ చేరిన కారుకు షాఫ్ట్ తిరిగి బిగించడం, గీతలు కలపడం, క్రాస్‌లకు గ్రీజు పెట్టడం చూద్దాం. అప్పటిలోగా మీ కారు కింద దూరి సైడ్ మెంబర్లు తట్టి, మొద్దుగా పలికిన చోట్లను సుద్దతో గుర్తుపెట్టి ఉంచండి.