22 పిస్టల్ గ్రిప్: ఒంటిచేత్తో రీకాయిల్‌ను ఎట్లా అదుపు చేయాలి

ఎయిర్ పిస్టల్ నుంచి 25 మీటర్ల పోటీలో వాడే 22 పిస్టల్‌కు (0.22 అంగుళాల తూటా) మారినవాళ్లు చాలామంది చేసే మొదటి పని గ్రిప్‌ను ఇంకా గట్టిగా బిగించడం. బలంతో రీకాయిల్, అంటే పేలినప్పుడు పిస్టల్ వెనక్కి తన్నడం, ఆగదు. బుల్లెట్ బ్యారెల్ దాటడానికి పట్టేది సెకనులో సుమారు వెయ్యో వంతు, అంతలో చెయ్యి చేసేదేమీ ఉండదు. పిస్టల్ ప్రతిసారీ ఒకే తీరుగా లేచి ఒకే చోటికి దిగేలా పట్టుకోవడమే మన పని.

ముందు మ్యాగజైన్ తీసి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో లేదో చూడండి. ఎడమ చేత్తో బ్యారెల్‌ను టార్గెట్ వైపే ఉంచి, కుడి చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని గ్రిప్ (పిస్టల్ చెక్క పిడి) వెనక వంపులోకి వీలైనంత పైకి తొయ్యండి. బ్యారెల్ చేతికి ఎంత దగ్గరగా ఉంటే మూతి అంత తక్కువ లేస్తుంది. బ్యారెల్ గీత ముంజేతి గీతలోనే సాగాలి. పక్కకు పోతే పిస్టల్ పైకి కాక వాలుగా లేస్తుంది.

ఒత్తిడి మధ్యవేలు, ఉంగరపు వేళ్లతో, అదీ నేరుగా వెనక్కే. చిటికెన వేలు, బొటనవేలు ఊరికే ఆనాలి. చెయ్యి వణికేదాకా పిండి, వణుకు ఆగేదాకా వదలండి. అదే మీ పట్టు. మణికట్టు, మోచెయ్యి బిగించే ఉంచాలి.

చూపుడువేలు చెక్కకు తగలకూడదు. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీస బరువు 500 గ్రాములైతే, దీనికి 1000. ఆ బరువుకు భయపడి మిగతా వేళ్లు కూడా పిండితే కుడిచేతి వాటం వాళ్లకు షాట్లు ఎడమ కిందికి పోతాయి. బొటనవేలు నొక్కితే కుడికి. నేరుగా కిందికే పడుతుంటే అది పేలుడుకు ముందే మణికట్టు వంచే బెదురు. కోచ్‌తో మ్యాగజైన్‌లో మధ్యమధ్య డమ్మీ (పేలని ఉత్త తూటా) పెట్టించండి. డమ్మీ వచ్చినప్పుడు మూతి దిగిందంటే దొంగ దొరికినట్టే. 22 పిస్టల్‌ను డ్రై ఫైర్ మోడ్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే ఏర్పాటు) లేకుండా ఉత్తగా పేల్చొద్దు, తూటాను కొట్టే పిన్ చాంబర్ అంచును కొట్టి పాడు చేస్తుంది.

రాపిడ్ అంచెలో, అంటే టార్గెట్ కనబడినప్పుడల్లా ఒక షాట్ పేల్చే భాగంలో, టార్గెట్ 3 సెకన్లు కనబడి 7 సెకన్లు మాయమవుతుంది. ప్రతి షాట్‌కూ చెయ్యి 45 డిగ్రీల కిందికి దించి మళ్లీ లేపాలి. మధ్యలో గ్రిప్ సర్దుకోవాలనిపించిందంటే చెక్క మీకు సరిపోలేదన్నమాట. అరచేతికి సుద్దపొడి అద్దుకుని పట్టుకోండి. మరక చిక్కగా పడ్డచోటే ఒత్తిడి, అక్కడ గరుకు కాగితంతో కొంచెం కొంచెంగా అరగదీయండి. మరక పడని గుంటలో పుట్టీ. గ్రిప్ అడుగున ఉండే చెక్క పలక అరచేతి అంచుకు ఆనాలి, పిసకకూడదు.

షాట్ తర్వాత ఒక సెకను చెయ్యి అట్లే ఉంచి సైట్ (గురి చూసే గుర్తు) ఎక్కడికి దిగిందో చూడండి. ఎడమకో కుడికో దిగితే చేతిని కాదు, వెనక కాలిని జరపండి.

వరంగల్ ఎండల్లో మే నెలలో అరచెయ్యి తడిగా ఉండడం మామూలే. చెమటకు జారే గ్రిప్‌ను ఎక్కువ బిగించి సరిచేయొద్దు. అయిదేసి షాట్లకొకసారి పిస్టల్ ఖాళీ చేసి టేబుల్ మీద పెట్టి, చెయ్యీ చెక్కా రెండూ తువ్వాలతో తుడవండి.