అయాన్ ఎటు వెళ్తుందో లెక్కగట్టడం ఎలా: కణం నుంచి అవయవం దాకా

పేగు నీటిని పీల్చుకోవడం, గుండె కొట్టుకోవడం, మూత్రపిండం ఉప్పును వెనక్కి తీసుకోవడం, ఈ మూడింటి వెనకా జరిగే పని ఒకటే. అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు, కణత్వచాన్ని (కణం చుట్టూ ఉండే పొరను) దాటుతుంటాయి. చాలామంది దీన్ని, అయాన్లను శక్తి ఖర్చుపెట్టి తోసే పంపుల పేర్లు, వాటికి దారి ఇచ్చే చానళ్ల పేర్లు బట్టీపట్టి నేర్చుకుంటారు. కొన్నాళ్లకు అవన్నీ కలగాపులగం అయిపోతాయి. పేర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఏ అయాన్ కనిపించినా మూడు ప్రశ్నలు వేయడం అలవాటు చేసుకోండి. దానిమీద పనిచేసే బలం ఎటు ఉంది? దాటడానికి దారి తెరిచి ఉందా? బలానికి ఎదురు వెళ్తుంటే ఆ ఖర్చు ఎక్కణ్నుంచి వస్తోంది? మొదటి ప్రశ్నకు జవాబు కాగితం మీద లెక్క వేస్తే వస్తుంది. అది వచ్చాక మిగతా రెండూ తేలికే.

లాగ్ మీట ఉన్న క్యాలిక్యులేటర్, ఈ నాలుగు జతల అంకెలు దగ్గర పెట్టుకోండి. ఇవి మనిషి శరీరంలోని ఒక సాధారణ కణానికి, లీటరుకు మిల్లీమోళ్లలో:

సోడియం: బయట 145, లోపల 12
పొటాషియం: బయట 4, లోపల 140
క్లోరైడ్: బయట 110, లోపల 7
స్వేచ్ఛా కాల్షియం: బయట 1.2, లోపల 0.0001

కాల్షియం దగ్గర జాగ్రత్త. రక్తపరీక్షలో సాధారణంగా కనిపించే 2.4 మొత్తం కాల్షియం విలువ. అందులో దాదాపు సగం ప్రోటీన్లకూ ఇతర అణువులకూ అంటుకుని ఉంటుంది. త్వచం దగ్గర లెక్కకొచ్చేది స్వేచ్ఛగా ఉన్న 1.2 మాత్రమే. ఇక లోపలి విలువను పుస్తకాలు 100 నానోమోలార్ అని రాస్తాయి. దాన్ని మిల్లీమోళ్లలోకి మార్చకుండా వాడితే జవాబు పూర్తిగా తప్పుతుంది.

మొదటి పని: సమతాస్థితి వోల్టేజి

గాఢత తేడా అయాన్‌ను ఒకవైపు నెడుతుంది, విద్యుత్ తేడా ఇంకోవైపు లాగవచ్చు. ఈ రెండూ సరిగ్గా సరిపోయే వోల్టేజిని నెర్న్‌స్ట్ సమీకరణం చెబుతుంది. 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది ఇలా ఉంటుంది:

వోల్టేజి (మిల్లీవోల్టులు) = (61.5 ÷ అయాన్ ఆవేశం) × లాగ్ (బయటి గాఢత ÷ లోపలి గాఢత)

పొటాషియంతో మొదలుపెట్టండి. 4ను 140తో భాగిస్తే 0.0286. దాని లాగ్ −1.544. 61.5తో గుణిస్తే −95 మిల్లీవోల్టులు. సోడియానికి ఇదే పద్ధతిలో +67 వస్తుంది. కాల్షియం ఆవేశం 2 కాబట్టి 61.5 బదులు 30.75 వాడాలి, జవాబు +125. క్లోరైడ్ ఆవేశం −1, అందుకే గుర్తు తిరగబడి −74 వస్తుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది మూడు చోట్ల. క్యాలిక్యులేటర్‌లో పది ఆధారిత లాగ్ బదులు సహజ లాగ్ నొక్కితే జవాబు 2.3 రెట్లు పెద్దదవుతుంది. లోపలి గాఢతను పైన, బయటిదాన్ని కింద వేస్తే అంకె సరిగానే వచ్చినా గుర్తు తారుమారవుతుంది. మూడోది, క్లోరైడ్ ఆవేశంలోని మైనస్‌ను మరిచిపోవడం. జవాబు ±150 దాటితే ఎక్కడో పొరపాటు జరిగిందనే అనుకోండి.

రెండో పని: అసలు వోల్టేజితో పోల్చడం

కణత్వచం వోల్టేజిలోంచి సమతాస్థితి వోల్టేజిని తీసేయండి. మిగిలిందే చోదక బలం. త్వచం −70 దగ్గర ఉందనుకుంటే సోడియానికి −70 − 67 = −137. ధన అయాన్‌కు రుణ విలువ వస్తే దారి లోపలికి. పొటాషియానికి −70 − (−95) = +25, అంటే బయటికి. రెండు బలాల మధ్య తేడా చూడండి. తలుపు తెరవగానే సోడియం అంత జోరుగా ఎందుకు దూసుకొస్తుందో, నాడీ ప్రేరణ మొదట్లో వోల్టేజి ఎందుకు అంత నిటారుగా లేస్తుందో ఇక్కడే అర్థమవుతుంది. రుణ అయాన్లకు గుర్తు చదవడం రివర్స్‌లో ఉంటుంది.

క్లోరైడ్ బలం +4 మాత్రమే, దాదాపు సమతాస్థితిలో ఉంది. అలాగని దాన్ని తక్కువగా చూడకండి. పిండదశలోని న్యూరాన్ల లోపల క్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది. లోపలి విలువ 25 అనుకుని లెక్క వేస్తే సమతాస్థితి −40కి వెళ్తుంది. అందువల్లే, క్లోరైడ్ చానళ్లను తెరిచి పెద్దల మెదడులో న్యూరాన్‌ను శాంతపరిచే గాబా అనే నాడీ రసాయనం అక్కడ వోల్టేజిని పైకి లేపుతుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగిపోవాలి. వోల్టేజి మారిందంటే గాఢతలు కూడా బాగా మారిపోయి ఉంటాయని అనుకోకండి. 20 మైక్రోమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి కణంలో త్వచం వోల్టేజి 100 మిల్లీవోల్టులు మారడానికి లోపలున్న పొటాషియంలో దాదాపు 50 వేలలో ఒక వంతు కదిలితే చాలు. అందుకే పంపును ఆపేసినా పెద్ద నాడీతంతువు వెంటనే మూగబోదు, చాలాసేపు ప్రేరణలు పంపుతూనే ఉంటుంది. పంపు చేసేది నిల్వలు కాపాడే పని, ప్రతి ప్రేరణనూ నడిపే పని కాదు.

మూడో పని: దారి, ఖర్చు

చానల్ తెరుచుకుంటే అయాన్ తన బలం ఉన్న వైపే వెళ్తుంది, సెకనుకు కోటి వరకూ, కొన్నిట్లో అంతకు మించి. పంపు వేగం సెకనుకు వంద చక్రాల స్థాయిలోనే ఉంటుంది. ఈ రెంటి మధ్య ట్రాన్స్‌పోర్టర్లు ఉంటాయి. ఒక అయాన్ దిగుతుంటే ఆ శక్తితో ఇంకోదాన్ని ఎక్కిస్తాయి.

సోడియం పొటాషియం పంపు ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టి 3 సోడియాలను బయటికి, 2 పొటాషియాలను లోపలికి పంపుతుంది. యెన్స్ స్కౌ 1957లో పీత నాడుల్లో ఈ ఎంజైమును గుర్తించాడు, 1997లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. ఈ పని ఒక్క ఏటీపీతో కుదురుతుందా అన్నది మీరే సరిచూడవచ్చు. 137 మిల్లీవోల్టులకు ఎదురుగా ఒక మోల్ సోడియాన్ని నెట్టడానికి 13.2 కిలోజౌళ్లు కావాలి, మూడింటికి 39.6. పొటాషియానికి 25 మిల్లీవోల్టులకు 2.4 చొప్పున రెండింటికి 4.8. మొత్తం 44 చిల్లర. కణంలో ఏటీపీ విచ్ఛిత్తి ఇచ్చేది మోల్‌కు దాదాపు 50 నుంచి 60. సరిపోతుంది, కానీ మిగిలేది తక్కువే. రక్తప్రసరణ ఆగి ఏటీపీ పడిపోతే ఈ పంపు ఎంత తొందరగా ఇబ్బందిలో పడుతుందో ఈ చిన్న మిగులు చెబుతోంది.

పేగులో: ఓఆర్ఎస్ ఎందుకు పనిచేస్తుంది

పేగు, మూత్రపిండం లాంటి చోట్ల కణాన్ని రెండు ముఖాలతో గీయండి. ఒకటి నాళంవైపు (ఆహారం లేదా మూత్రం ఉండే వైపు), ఇంకోటి రక్తంవైపు. సోడియం పంపును రక్తంవైపు గీతమీదే పెట్టండి. మెదడులో ద్రవాన్ని తయారుచేసే కొరాయిడ్ ప్లెక్సస్ లాంటి అరుదైన చోట్ల తప్ప ఈ నియమం మారదు. పంపు రక్తంవైపు సోడియాన్ని తోడేస్తుంటే కణంలో సోడియం తక్కువగా ఉండిపోతుంది. దాంతో నాళంవైపు నుంచి లోపలికి వచ్చే బలం తయారవుతుంది.

ఈ బలాన్ని ఎస్‌జీఎల్‌టీ1 అనే ట్రాన్స్‌పోర్టర్ వాడుకుంటుంది. అది 2 సోడియాలతో కలిపి 1 గ్లూకోజ్‌ను లోపలికి తెస్తుంది. త్వచం −50 దగ్గరుందనుకుంటే ఒక్కో సోడియానికి 117, రెండింటికి 234 మిల్లీవోల్టులు. దీన్ని 61.5తో భాగిస్తే 3.8. పది మీద 3.8 ఘాతం అంటే సుమారు 6 వేల రెట్లు. గ్లూకోజ్‌ను అంత గాఢత తేడాకు ఎదురుగా కూడా లాగగల శక్తి అది. సోడియం, గ్లూకోజ్ లోపలికి వెళ్తే నీళ్లు వాటి వెంట వెళ్తాయి.

కలరా విషం కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచి నాళంవైపున్న సీఎఫ్‌టీఆర్ క్లోరైడ్ చానల్‌ను తెరిచి ఉంచేస్తుంది. క్లోరైడ్ బయటికి, దాని వెంట సోడియం, నీళ్లు. కానీ ఎస్‌జీఎల్‌టీ1ను ఆ విషం ముట్టుకోదు. విరేచనాలు జోరుగా అవుతున్నా ఓఆర్ఎస్ లోపలికి వెళ్లగలగడానికి కారణం ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సూచిస్తున్న పాళ్లు ఒక లీటరు తాగునీటికి: సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. సోడియం 75, గ్లూకోజ్ 75 మిల్లీమోళ్లు వస్తాయి, మొత్తం ఆస్మోలారిటీ (లీటరులో కరిగిన పదార్థాలన్నిటి గాఢత, మిల్లీఆస్మోళ్లలో) 245. పాత మిశ్రమంలో అది 311 ఉండేది. రుచి కోసం చక్కెర అదనంగా కలిపితే ట్రాన్స్‌పోర్టర్ లాగలేనంత గ్లూకోజ్ నాళంలో మిగిలిపోయి నీటిని తనవైపు లాక్కుంటుంది, విరేచనాలు పెరుగుతాయి. లీటరు ప్యాకెట్‌ను అర లీటరులో కలిపితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. కొలత పాటించడం ఇక్కడ చికిత్సలో భాగమే.

గుండెలో: నాలుగు మిల్లీమోళ్ల ప్రభావం

గుండె కండర కణంలో 3 సోడియాలను లోపలికి తెస్తూ 1 కాల్షియాన్ని బయటికి పంపే మార్పిడి ప్రోటీన్ ఉంటుంది. అది ఏ వోల్టేజి దగ్గర దిక్కు మార్చుకుంటుందో తెలియాలంటే సోడియం సమతాస్థితిని 3తో, కాల్షియందాన్ని 2తో గుణించి తీసివేయండి: 201 − 250 = −49. విశ్రాంతిలో త్వచం −85 దగ్గర ఉంటుంది కాబట్టి కాల్షియం బయటికి పోయే బలం 36 మిల్లీవోల్టులు.

ఇప్పుడు డిగాక్సిన్ అనే గుండె మందు సోడియం పంపును కొంతమేర ఆపిందని, లోపలి సోడియం 12 నుంచి 16కు చేరిందని అనుకోండి. సోడియం సమతాస్థితి +59కి దిగుతుంది. 177 − 250 = −73. బలం 36 నుంచి 12కు పడిపోయింది, మూడో వంతే మిగిలింది. బయటికి పోవాల్సిన కాల్షియం లోపలి నిల్వల్లో చేరి, తర్వాతి ప్రతి కొట్టుకోవడంలోనూ ఎక్కువగా విడుదలవుతుంది. సంకోచం బలపడుతుంది. నిల్వలు మరీ నిండితే కాల్షియం వేళకాని వేళ లీకై లయ తప్పుతుంది. పొటాషియం, డిగాక్సిన్ రెండూ పంపు దగ్గర పోటీ పడతాయి కాబట్టి రక్తంలో పొటాషియం తగ్గిన రోగిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

మూత్రపిండంలో హెన్లీ శిక్యం (మూత్రనాళికలో వంపు తిరిగిన భాగం) మందమైన భాగాన్ని ఇదే పద్ధతిలో గీయండి. నాళంవైపు ట్రాన్స్‌పోర్టర్ 1 సోడియం, 1 పొటాషియం, 2 క్లోరైడ్లను కలిపి లోపలికి తెస్తుంది. నాళంలో పొటాషియం తక్కువ, అది అయిపోతే మొత్తం ఆగిపోతుంది. అందుకే అక్కడే ఉన్న ఒక చానల్ పొటాషియాన్ని మళ్లీ నాళంలోకి వదులుతుంటుంది. మూత్రాన్ని ఎక్కువ చేసే ఫ్యూరోసెమైడ్ మందు ఈ ట్రాన్స్‌పోర్టర్‌నే ఆపుతుంది.

పొటాషియం 7 వచ్చినప్పుడు

బయటి పొటాషియం 4 నుంచి 7కు పెరిగితే సమతాస్థితి −95 నుంచి −80కి వస్తుంది. గుండె కండరం విశ్రాంతి వోల్టేజి దాని వెంటే పైకి జరుగుతుంది. అలా జరిగిన స్థితిలో సోడియం చానళ్లలో చాలావరకు పనికిరాకుండా మూసుకుపోతాయి, ప్రేరణ నెమ్మదిస్తుంది. ఈసీజీలో ముందు టీ తరంగం మొనదేలుతుంది, తర్వాత క్యూఆర్ఎస్ అనే తరంగాల గుంపు వెడల్పవుతుంది. ఇలా కావడానికి పెద్ద మొత్తమేమీ అక్కర్లేదు. కణాల బయట 14 లీటర్ల ద్రవంలో 3 పెరగడమంటే 42 మిల్లీమోళ్లు. కణాల లోపల 25 లీటర్లలో 3,500 ఉంది. అందులో 1.2 శాతం బయటికొస్తే సరిపోతుంది. కండరాలు నలిగిన ప్రమాదాల్లో జరిగేది ఇదే.

చికిత్సలో ప్రతి మందు చేసే పని వేరు. కాల్షియం గ్లూకోనేట్ గుండెను తాత్కాలికంగా కాపాడుతుంది, పొటాషియాన్ని తగ్గించదు. గ్లూకోజ్‌తో ఇచ్చే ఇన్సులిన్ పంపును ఉత్తేజపరిచి పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది. ఒంట్లోంచి నిజంగా తీసేసేది మూత్రం, పేగు, డయాలిసిస్ మాత్రమే.

అయితే ఈసీజీ మామూలుగా ఉండి అంకె మాత్రమే ఎక్కువ వస్తే నమూనాను అనుమానించండి. రక్తం తీసేటప్పుడు చేతికి పట్టీ బిగించి ఎక్కువసేపు ఉంచడం, పిడికిలి పదేపదే బిగించమనడం, సన్నటి సూదితో గట్టిగా లాగి ఎర్రకణాలను పగలగొట్టడం పొటాషియాన్ని దొంగగా పెంచుతాయి. ఇంకో కారణం చాలామంది దృష్టికి రాదు. రక్తాన్ని వేరుచేయకుండా అలాగే ఫ్రిజ్‌లో పెడితే చలికి పంపు దాదాపు ఆగిపోతుంది, లీకు మాత్రం సాగుతూనే ఉంటుంది. ఒక్క కణం పగలకపోయినా, నమూనాలో ఎరుపు కనిపించకపోయినా పొటాషియం గంటగంటకూ పెరుగుతుంది. పరీక్ష ఆలస్యమయ్యేలా ఉంటే ముందు సెంట్రిఫ్యూజ్ చేసి ప్లాస్మాను లేదా సీరంను వేరుచేయాలి, ఆ తర్వాతే చల్లబరచాలి.