లాన్‌కు నీళ్లు – 4వ పాఠం: పాప్-అప్ హెడ్ కొనేముందు

పోయిన పాఠంలో లాన్ చివరి పాయింటు దగ్గర గేజ్ బిగించి, మోటారు నడుస్తుండగా ప్రెషర్ ఎంతుందో రాసుకోమన్నాను. ఈ పాఠం పాప్-అప్ హెడ్ల గురించి, అంటే నీళ్ల ఒత్తిడికి నేలలోంచి పైకి లేచి చిమ్మే స్ప్రింక్లర్ల గురించి. గేజ్ అంకె చేతిలో ఉంటేనే ఇది పనికొస్తుంది. ఇంకా చూడకపోతే ముందు ఆ పని కానిచ్చేయండి. షాపువాడు మొదట అడగాల్సిన ప్రశ్న కూడా అదే. అడగడనుకోండి, అది వేరే సంగతి.

హైదరాబాద్ శివార్లలో ఇల్లు కట్టుకున్నవాళ్లు తరచుగా అడిగేది ఒకటుంది: ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లతో పాప్-అప్‌లు నడవవా అని. నడవవు. పది మీటర్ల ఎత్తు నుంచి వచ్చేది చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ ప్రెషర్ మాత్రమే. మామూలు స్ప్రే నాజిల్ (నీళ్లు చిమ్మే మూతి) సరిగ్గా పనిచేయాలంటే 2.1 కేజీలు, అంటే 30 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) కావాలి. సన్నటి ధారలు తిప్పుతూ కొట్టే రోటరీ నాజిల్‌కైతే 2.8 కేజీలు, అంటే 40 పీఎస్ఐ. ట్యాంకు లైనుకు కలిపితే రైజర్ (పైకి లేచే గొట్టం) సగం లేచి, మెడ చుట్టూ నీళ్లు కారుస్తుందే తప్ప చిమ్మదు. సంపు నుంచో బోరు నుంచో మోటారుతోనే నడపాలి.

మోటారు పెట్టాక సమస్య తిరగబడుతుంది. నాలుగైదు హెడ్లు మాత్రమే ఉన్న లైనులోకి బోరు మోటారు నేరుగా తోస్తే ప్రెషర్ అవసరానికి మించిపోతుంది. 15 అడుగులు కొట్టే ఫుల్ సర్కిల్ స్ప్రే నాజిల్ 2.1 కేజీల దగ్గర నిమిషానికి సుమారు 14 లీటర్లు వదులుతుంది. ప్రెషర్ రెట్టింపైతే నీళ్లు రెట్టింపు కావు కానీ 40 శాతం దాకా పెరిగి 20 లీటర్లకు చేరతాయి. ఆ పెరిగిన నీళ్లయినా గడ్డికి అందుతాయా అంటే, అదీ లేదు. చుక్క పగిలి పొగమంచులా మారి, కాస్త గాలి వీచినా పక్కింటి గోడ మీదికి పోతుంది. చూడ్డానికి ఫౌంటెన్‌లా బాగుంటుంది. ఫొటోలు తీసుకునేది కూడా అప్పుడే.

అందుకే నీళ్లు ఆదా చేసే హెడ్ కావాలంటే నాజిల్ కంటే ముందు బాడీ, అంటే నేలలో ఉండే డొల్ల, చూడాలి. ప్రెషర్ రెగ్యులేటర్ బాడీలోనే ఉన్న రకాలు వస్తున్నాయి. లోపలికి నాలుగు కేజీలు వచ్చినా నాజిల్ దగ్గరికి 2.1 మాత్రమే పంపిస్తాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2017లో స్ప్రే స్ప్రింక్లర్లకు నీళ్లు ఆదా చేసే వస్తువులకిచ్చే వాటర్‌సెన్స్ ముద్ర ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు దాన్ని నాజిల్‌కు కాకుండా, ప్రెషర్‌ను అదుపు చేసే బాడీకే ఇచ్చింది. రెయిన్ బర్డ్, హంటర్ లాంటి కంపెనీల మోడల్ పేర్లలో పీఆర్ఎస్ అనే మూడు అక్షరాలు కనిపిస్తే ఈ రెగ్యులేటర్ ఉన్నట్టు. స్ప్రే నాజిల్‌కు 30 రకం, రోటరీకి 40 రకం తీసుకోవాలి. ఒకటి గుర్తుంచుకోండి: రెగ్యులేటర్ ఎక్కువైన ప్రెషర్‌ను తగ్గిస్తుంది కానీ తక్కువైనదాన్ని పెంచలేదు. మీ గేజ్ రెండు కేజీలు కూడా చూపించకపోతే దానికి డబ్బులు పెట్టడం దండగ. ముందు లైనును రెండు భాగాలు చేసి, ఒక్కోసారి ఒక్కో భాగం నడపండి.

రెండోది చెక్ వాల్వ్, అంటే మోటారు ఆగాక నీళ్లు హెడ్ నుంచి కారకుండా ఆపేది. నేల వాలుగా ఉంటే మోటారు ఆపిన ప్రతిసారీ పైపులో నిలిచిన నీళ్లన్నీ పల్లంలో ఉన్న హెడ్ నుంచి కారిపోతాయి. 32 మిల్లీమీటర్ల పైపులో మీటరుకు అర లీటరు పైనే నీళ్లుంటాయి, మీ లైను పొడవుతో లెక్క వేసుకోండి. అంతటితో పోదు. ఖాళీ అయిన పైపులో గాలి చేరుతుంది. మళ్లీ మోటారు వేయగానే ఆ గాలి నీళ్లకంటే ముందు దూసుకొచ్చి రైజర్‌ను ఒక్క దెబ్బతో పైకి కొడుతుంది. అలా రోజూ కొడుతుంటే సీలు, స్ప్రింగు త్వరగా పాడవుతాయి. అంటే చెక్ వాల్వ్ నీళ్లనూ మిగులుస్తుంది, హెడ్ ఆయుష్షునూ పెంచుతుంది. లాన్ దాదాపు చదునుగా ఉంటే అన్నింటికీ అక్కర్లేదు, పల్లంలో ఉన్నవాటికి పెట్టినా చాలు.

ఇక మన్నిక. ఇత్తడిది బరువుగా ఉంటుంది కాబట్టి గట్టిదని అనుకుంటారు. హెడ్ పాడయ్యేది బాడీ పగిలి కంటే ఇసుక చిక్కుకునే ఎక్కువ. షాపులోనే చేత్తో చూడండి. రైజర్‌ను వేళ్లతో పట్టి పూర్తిగా పైకి లాగి వదలండి. టక్కున లోపలికి పోవాలి. నెమ్మదిగా, ఎక్కడో ఆగి ఆగి దిగితే వద్దు. పైకి లాగి ఉంచినప్పుడు మెడ దగ్గర రబ్బరు అంచు వేలికి మెత్తగా, చుట్టూ సమానంగా తగలాలి. రైజర్ దిగేటప్పుడు దానికి అంటిన ఇసుకను తుడిచేది ఆ అంచే. తర్వాత మూత తిప్పి తీసి స్ప్రింగు చూడండి, స్టెయిన్‌లెస్ స్టీలుదై ఉండాలి. నాజిల్ కింద చిన్న బుట్టలాంటి ఫిల్టర్ ఉందా, అది చేత్తో బయటికి వస్తుందా అన్నది కూడా చూడండి. మన బోరు నీళ్లకు దాన్ని తరచూ కడగాల్సిందే. రాకపోతే కడగడం కష్టం.

ఎత్తు విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. లాన్‌కు నాలుగు అంగుళాలు లేచేది కొనండి. రెండంగుళాలది చవక, కానీ మెక్సికన్ గడ్డి ఏటా మందమవుతూ దాన్ని మింగేస్తుంది. రెయిన్ బర్డ్ మోడల్ నంబరు 1804 అంటే చివరి 04 ఆ ఎత్తే.

నాజిల్ సంగతి 30 అడుగుల చదరపు లాన్‌తో లెక్క కడదాం. మూలల్లో నాలుగు పావు సర్కిళ్లు, అంచుల మధ్యలో నాలుగు అర సర్కిళ్లు, నడిమధ్య ఒక ఫుల్. ఒక హెడ్ నీళ్లు పక్క హెడ్ దాకా చేరతాయి. స్ప్రే నాజిళ్లతో అన్నీ కలిపి నిమిషానికి 56 లీటర్లు, గంటకు 40 మిల్లీమీటర్ల వాన పడినట్టు. ఎర్ర ఇసుక నేల కూడా గంటకు 20, 30 మిల్లీమీటర్లే తాగుతుంది. నల్లరేగడి అయిదు కూడా తాగదు. మిగిలినదంతా గేటు కింద నుంచి రోడ్డెక్కుతుంది. రోటరీ నాజిళ్లు గంటకు 10, 12 మిల్లీమీటర్లే పోస్తాయి. ఎక్కువసేపు నడపాలి, ఖరీదూ ఎక్కువ. అయినా రేగడి నేలకు నేను రోటరీయే చెబుతాను, దాన్ని కూడా విడతలుగా నడపాలి. తక్కువ నీళ్లిచ్చే బోరు ఉన్నవాళ్లకూ అదే దారి, ఎందుకంటే ఇదే లాన్‌కు నిమిషానికి 15 లీటర్లతో సరిపోతుంది. రెండు రకాలనూ ఒకే వాల్వ్ మీద మాత్రం కలపకండి. ఒక పక్క బురద, ఒక పక్క ఎండు గడ్డి.

ఈ వారం పని: గ్రాఫ్ కాగితం మీద మీ లాన్ గీసి, హెడ్ల చోట్లు గుర్తుపెట్టి, ఒక్కోదాని పక్కన పావో, అరో, ఫుల్లో రాయండి. పల్లం ఎటో బాణం వేయండి. గేజ్ అంకె పైన మూలలో ఉండాలి. వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే పైపు సైజు, వాల్వుల సంఖ్య తేలుస్తాం.