స్త్రీ స్వరకర్త జీవితవ్యాసం రాసే పద్ధతి: క్లారా షూమన్ ఉదాహరణగా

స్వరరచన చేసి, సంగీతం కూడా బోధించిన ఒక స్త్రీ జీవితాన్ని వ్యాసంగా రాయదలచినవారు పుట్టుక, వివాహం, సంతానం, మరణం అనే పరిచితమైన వరుసను మొదట పక్కన పెట్టి, ఆమె రచనలన్నిటినీ తేదీల వారీగా ఒక పట్టికలో వేసుకోవాలి. కుటుంబ వివరాలను ఆ తరువాతే పక్క గడిలో నింపాలి. భర్తతోనో తండ్రితోనో మొదలయ్యే వ్యాసంలో ఆమె సంగీతం సాధారణంగా చివరి పేరాలోకి జారిపోతుంది.

జర్మన్ పియానో కళాకారిణి, స్వరకర్త క్లారా షూమన్ (1819–1896) విషయంలో ఈ పట్టిక చాలా చెబుతుంది. లైప్‌జిగ్‌లో పుట్టిన ఆమె తొలి ముద్రిత రచన 1831లో వెలువడింది. పదమూడేళ్ల వయసులో మొదలుపెట్టిన పియానో కాన్చెర్టోను (పియానో, వాద్యబృందం కలిసి వాయించే పెద్ద రచనను) 1835లో స్వరకర్త మెండెల్‌సోన్ వాద్యబృందాన్ని నడిపించగా తానే వాయించింది. పియానో, వయొలిన్, చెల్లోల (వయొలిన్ కుటుంబంలోని మంద్రస్వర వాద్యం) కోసం రాసిన ట్రయో, అంటే ముగ్గురు వాయించే రచన, 1846 నాటిది. ఆ తరువాత దాదాపు ఖాళీగా ఉన్న కొన్నేళ్లు దాటితే, ఓపస్ (రచనలకు ఇచ్చే వరుస సంఖ్య) 20 నుంచి 23 వరకు నాలుగు రచనలు ఒక్క 1853లోనే కనిపిస్తాయి. ఎందుకని వెతికితే, ద్యూసెల్డార్ఫ్‌లో కొత్తగా మారిన ఇంట్లో, తానూ స్వరకర్త అయిన భర్త రాబర్ట్ పనికి భంగం కలగకుండా సాధన చేసుకునే వీలు ఆమెకు దొరికిందని తెలుస్తుంది. 1854లో రాబర్ట్ మానసిక చికిత్సాలయంలో చేరాడు, 1856లో మరణించాడు. పిల్లల పోషణ ఆమె కచేరీల మీద పడింది, స్వరరచన దాదాపు ఆగిపోయింది. ప్రతిభ తరిగిపోయిందని తేల్చే ముందు ఇంటి గోడల గురించీ, ఆదాయం గురించీ అడగడం జీవితకారుడి బాధ్యత.

రెండవ పని ఆధారాలను శంకించడం. క్లారా డైరీ 1827లో మొదలైంది, కానీ తొలి సంవత్సరాలలో అందులోని ‘నేను’ చాలావరకు ఆమె తండ్రి ఫ్రీడ్రిష్ వీక్ చేతిరాత. కూతురి గొంతుతో ఆయనే రాసేవాడు. ఆ వాక్యాలను బాలిక మనోభావాలుగా ఉదహరిస్తే వ్యాసం మొదట్లోనే దారి తప్పుతుంది. తనకు సృజనశక్తి ఉందని ఒకప్పుడు నమ్మానని, ఇప్పుడు ఆ ఆలోచన విడిచిపెట్టానని, స్త్రీ స్వరరచనను కోరుకోకూడదని 1839లో ఆమె రాసుకున్న మాట నిజంగా ఆమెదే. అయితే దాన్ని ఒంటరిగా ఉదహరించి వదిలేయకూడదు, ఎందుకంటే ఆ మాట రాసిన ఏడేళ్లకే ఆమె ఆ ట్రయోను పూర్తిచేసింది. మాటను పట్టిక పక్కన పెట్టి చదవాలి.

ఏది ఎవరి రచనో తేల్చడంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. 1841లో దంపతుల పేరిట కలిపి అచ్చయిన పన్నెండు పాటలలో మూడు క్లారావి, కానీ ఏ పాట ఎవరిదో ఆ ప్రచురణలో చెప్పలేదు. కాన్చెర్టో విషయంలో తిరకాసు మరోలా ఉంటుంది: మూడవ భాగానికి వాద్యబృంద రచనలో రాబర్ట్ చేయి ఉంది. దాన్ని దాచకుండా ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగాలి.

రచనను వర్ణించేటప్పుడు ‘మధురం’, ‘సున్నితం’ వంటి విశేషణాలకు బదులు స్వరప్రతిలో కనబడేదాన్ని చెప్పాలి. కాపీరైట్ గడువు తీరిన ఈ ప్రతులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కాన్చెర్టో రెండవ భాగంలో వాద్యబృందం దాదాపు చివరిదాకా మౌనం వహించి, పియానోకు తోడుగా ఒక్క చెల్లో మాత్రమే మిగులుతుందని రాస్తే పాఠకుడు వెళ్లి వినగలడు. స్వరకర్త బ్రామ్స్‌తో ఆమె స్నేహానికి ఒక పేరా చాలు. వారి ఉత్తరాలలో చాలావాటిని వారే నాశనం చేశారు కనుక అంతకుమించి రాసేదంతా ఊహ, ప్రేమకథ కావలసినవారు నవల చదువుకోవచ్చు.

ఇక అధ్యాపకత్వం. చాలా వ్యాసాలు దీన్ని ‘ఎందరో శిష్యులను తీర్చిదిద్దారు’ అన్న వాక్యంతో ముగిస్తాయి. ఆ వాక్యం ఎవరి గురించైనా రాయవచ్చు కనుక దేనికీ పనికిరాదు. క్లారా 1878 నుంచి 1892 వరకు ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోహ్ కన్సర్వేటరీ అనే సంగీత విద్యాలయంలో పియానో బోధించింది, కుమార్తెలు మారీ, ఓయిగెనీ సహాయకులుగా ఉన్నారు. శిష్యులలో ఫానీ డేవిస్, అడెలీనా డి లారా పియానో వాయించిన తీరు రికార్డుల రూపంలో మిగిలింది. రాబర్ట్ షూమన్ కాన్చెర్టోను డేవిస్ 1928లో రికార్డు చేసింది. ఇటువంటి రికార్డులను ఇద్దరు ముగ్గురు శిష్యులవి కలిపి విని, వారందరిలో ఉమ్మడిగా కనిపించే అలవాట్లను మాత్రమే గురువుకు ఆపాదించడం సబబు. ఒక్కరిలోనే కనిపించే తీరును ఆ శిష్యురాలి సొంతంగానే రాయాలి, పైగా 1928 నాటికి గురువు మరణించి ముప్పై రెండేళ్లు గడిచాయన్న సంగతిని కూడా అదే పేరాలో పాఠకుడికి తెలపాలి.